అప్‌డేట్: అత్తగారు కౌన్సెలింగ్‌కు వచ్చారు

నేనూ మా ఆయనా తలసీమియా (రక్తం సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు) వాహకులమని, అంటే జబ్బు లేకపోయినా ఆ లోపమున్న జన్యువు మాలో ఉందని తేలాక, "దోషం కోడలిదే" అంటున్న అత్తగారికి ఎలా నచ్చజెప్పాలని అడిగాను కదా. మీ సలహా ప్రకారం ఆవిడనూ జన్యు కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లాం.

కౌన్సెలర్ లెక్కల జోలికి వెంటనే పోలేదు. ఇలాంటి జబ్బులు ఎందుకొస్తాయని మీ పెద్దలు అనుకునేవారని అడిగారు. అత్తగారు పూర్వజన్మ కర్మ అన్నారు. కౌన్సెలర్ కొట్టిపారేయకుండా విని, కాగితం మీద వంశవృక్షం గీసి, తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే బిడ్డకు తీవ్రమైన జబ్బు వస్తుందని చూపించారు. కొడుకు పేరు దగ్గర అత్తగారి వేలు చాలాసేపు ఆగింది.

"అంటే నలుగురు పిల్లల్లో ఒకరికేగా?" అన్నారు అత్తగారు. కాదట, ప్రతి కాన్పుకూ 25 శాతం ముప్పు మళ్లీ కొత్తగా ఉంటుంది.

పిల్లల విషయంలో నిర్ణయం మాత్రం కౌన్సెలర్ మాకే వదిలేశారు. మామగారికి అదే మింగుడుపడలేదు. డాక్టర్లన్నాక ఏం చేయాలో చెప్పాలిగా అని ఇంకా సణుగుతున్నారు!