షీట్‌లో లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అని రాయాలా, 100 కి.మీ.కి ఎన్ని లీటర్లు అని రాయాలా?

ప్రశ్న:
అన్నలూ, మా నాన్న ట్రావెల్స్‌లో రెండు బళ్ళు తిప్పుతారు, డీజిల్ లెక్క నేను రాస్తుంటా. పాత సుమో లీటరుకి 10 ఇస్తోంది, చిన్న కారు 20. ఈ ఏడాది ఒకటే మార్చగలం, సుమో బదులు చూసిన బండి 12.5 ఇస్తుందట, కారు బదులు చూసింది 25. నాన్నేమో 5 పెరుగుతోంది కదా కారే మారుద్దాం అంటున్నారు. రెండూ దాదాపు ఒకే దూరం తిరుగుతాయి. ఎలాగూ కొత్త షీట్ మొదలుపెడుతున్నా, యూరప్ వాళ్ళలా 100 కి.మీ.కి ఎన్ని లీటర్లు అని రాస్తే నయమా?

జవాబు 1:
తమ్ముడూ, ముందు నాన్నగారిని ఆపు! సుమో 100 కి.మీ.కి 10 లీటర్లు తాగుతోంది, దాని బదులు వచ్చేది 8 తాగుతుంది, 2 లీటర్లు మిగులు. కారు 5 నుంచి 4కి వస్తుంది, మిగిలేది ఒక్క లీటరే. మైలేజ్‌లో చూస్తే మాత్రం 5 పెద్దగా, 2.5 చిన్నగా కనపడి మనల్ని అటు లాగేస్తుంది. లారిక్, సోల్ అనే ఇద్దరు 2008లో సైన్స్ పత్రికలో రాసింది సరిగ్గా ఇదే, అమెరికాలో 2013 మోడల్ కార్ల నుంచి స్టిక్కర్ మీద 100 మైళ్ళకి ఎన్ని గ్యాలన్లు అనేది కూడా వేస్తున్నారు.

జవాబు 2:
నేను ఒప్పుకోను బ్రో. సూర్యాపేట దాటాక రిజర్వ్ పడితే, ఉన్న నాలుగు లీటర్లతో ఎంత దూరం పోతామన్నదే కావాలి, దానికి మన మైలేజే కరెక్ట్. డ్రైవర్లని అడిగినా అదే చెప్తారు, 100కి ఎన్ని అంటే ఎవరికీ ఎక్కదు.

జవాబు 3:
రోడ్డు మీద అది నిజమే, కానీ అతను అడిగేది లెక్కల షీట్ గురించి కదండీ. నేను మెల్‌బోర్న్‌లో ఉంటా, ఇక్కడ కొత్త కారు అద్దం మీద స్టిక్కర్‌లో 100 కి.మీ.కి లీటర్లే ఉంటాయి, కొన్నాళ్ళకి అలవాటైపోయింది. ఇంకోటి, సగటు దగ్గర జాగ్రత్త. 10, 20 కలిపి సగటు 15 అని రాస్తే తప్పు, చెరో 100 కి.మీ. తిరిగితే 200కి 15 లీటర్లు పోతాయి, అంటే వచ్చేది 13.3. లీటర్లలో రాస్తే 10, 5 సగటు 7.5, ఏ గొడవా లేదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నలూ, నెలకి చెరో 3000 వేసుకున్నా సుమో మారిస్తే 60 లీటర్లు, కారు మారిస్తే 30 మిగులుతాయి, రాత్రికి నాన్నకి చూపిస్తా. డ్రైవర్ల కోసం రెండు కాలమ్‌లూ పెట్టొచ్చా?

జవాబు 1:
పెట్టు. తిరిగిన దూరం, పోయించిన డీజిల్ మాత్రమే నువ్వు టైప్ చెయ్యి, మైలేజ్ అందులోంచే వస్తుంది, 100ని ఆ మైలేజ్‌తో భాగిస్తే రెండోది. ప్రతిసారీ ట్యాంక్ ఫుల్ చేయించు, సగం సగం పోయిస్తే ఏ యూనిట్‌లో రాసినా లెక్క తేలదు.