24 ఏళ్ల 11 నెలల ఓడ: దించే రేవు రానిస్తుందా?

ప్రశ్న: ఎగుమతుల విభాగంలో కొత్తగా చేరాను. స్టీల్ కాయిల్స్ పంపడానికి బ్రోకర్ ఒక జనరల్ కార్గో ఓడ చూపించారు. సరుకు ఎక్కించే నాటికి దాని వయసు 24 ఏళ్ల 11 నెలలు. దారిలో ఇంకో రెండు రేవుల్లో ఆగుతుంది కాబట్టి మా సరుకు దించే రేవు చేరేసరికి 25 నిండిపోతాయి. పాత ఓడల మీద అక్కడ ప్రభుత్వ ఆంక్షలున్నాయని మా ఆఫీసులో ఒకరంటున్నారు. కాగితాలు సరిగ్గా ఉంటే ఏమీ కాదని బ్రోకర్ అంటున్నారు. అసలు వయసు ఏ రోజుకు లెక్కకడతారు? ఈ వారంలోనే ఫిక్స్ (ఓడను అద్దెకు ఖాయం) చేయాలి, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

రేవు ఏజెన్సీలో పనిచేసే సభ్యుడు: టెన్షన్ పడకండి, కానీ బ్రోకర్ నోటిమాట మీద మాత్రం ఫిక్స్ చేయకండి. ఆంక్ష ఉండేది రేవులోకి రావడం మీద. అందుకని ఓడ దించే రేవుకు చేరే రోజుకే వయసు లెక్క వేసుకోవడం క్షేమం. వాతావరణం బాగోలేక, బర్త్ (ఓడ ఆగి సరుకు దించే చోటు) ఖాళీ లేక ఆలస్యమైతే ఆ రోజులు కూడా కలుపుకోండి. ఓడ కట్టి అప్పగించిన తేదీ నుంచి వయసు చూడాలి. జెండా (ఓడ రిజిస్టరైన దేశం) మారినా, పేరు మారినా, యజమాని మారినా వయసు తగ్గదు.

ముందు ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) నంబర్ అడగండి. ఓడ పుట్టినప్పుడు ఇచ్చిన ఆ ఏడంకెల నంబర్ చివరిదాకా మారదు. టైపింగ్ తప్పుందో లేదో మీరే చూసుకోవచ్చు: మొదటి ఆరు అంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో హెచ్చవేసి కూడితే, వచ్చిన మొత్తంలో చివరి అంకె నంబర్‌లోని ఏడో అంకెతో కలవాలి. ఉదాహరణకు 9074729 తీసుకుంటే మొత్తం 139, చివరి అంకె 9, సరిపోయింది. తర్వాత ఓడల వివరాలిచ్చే ఈక్వాసిస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి ఆ నంబర్ కొట్టండి. కట్టిన సంవత్సరం, ఇప్పటి జెండా, క్లాస్ (ఓడ దృఢత్వాన్ని పరీక్షించి ధ్రువీకరించే సంస్థ), పీ అండ్ ఐ క్లబ్ (ఇతరులకు జరిగే నష్టాలకు ఓడ యజమానికి బీమా ఇచ్చే సంఘం), ఏ రేవులో తనిఖీ జరిగింది, ఎక్కడ నిలిపేశారు, అన్నీ కనిపిస్తాయి.

ఇక దించే రేవులోని ఏజెంట్‌కు మెయిల్ రాయండి. "పాత ఓడలకు ఆంక్షలున్నాయా?" అని గుండుగుత్తగా అడిగితే గుండుగుత్త జవాబే వస్తుంది. ఓడ రకం, ఐఎంఓ నంబర్, అప్పగింత తేదీ, జెండా, క్లాస్, చేరే తేదీ ఇచ్చి, "ఈ ఓడకు అనుమతి ఉందా, ముందుగా ఏ కాగితాలు పంపాలి?" అని అడగండి. జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి.

అడిగినవారు: చాలా థ్యాంక్స్ సార్. మరి 25 అనేది అన్ని దేశాల్లో ఒకటే రూలా?

ఓడల మీద చీఫ్ ఆఫీసర్‌గా చేసిన సభ్యుడు: కాదండీ. ఒక్కో ప్రభుత్వానిది ఒక్కో దారి. భారత్‌లో 2012లో వచ్చిన నిబంధనలు రేవుల్లోకి, లంగరు ప్రాంతాల్లోకి వచ్చే ఓడలకు బీమా, క్లాస్ షరతులు పెట్టాయి. దానికి ముందు ఏడాది జరిగినవి గుర్తు చేసుకోండి. 2011 జూలై 31న సిబ్బంది వదిలేసిన పవిత్ అనే ట్యాంకర్ ఎవరి కంటా పడకుండా కొట్టుకొచ్చి ముంబై జుహూ బీచ్‌లో ఇసుకలో కూరుకుపోయింది. అదే ఏడాది ఆగస్టు 4న బొగ్గుతో వెళ్తున్న రాక్ క్యారియర్ ముంబై తీరానికి దగ్గర్లోనే మునిగి, దాని ఇంధన నూనె తీరానికి చేరింది. ఆ తర్వాత 2023 ఫిబ్రవరిలో భారత్‌లో ఓడల వ్యవహారాలు చూసే డీజీ షిప్పింగ్ నేరుగా వయసు మీదే ఉత్తర్వు తెచ్చింది. అందులో పరిమితులు ఓడ రకాన్ని బట్టి మారతాయి కాబట్టి "భారత్‌లో 25" అని ఒక్క ముక్కలో గుర్తుపెట్టుకోవద్దు.

యూరప్ పద్ధతి వేరు. అక్కడ వయసు చూసి తలుపు మూసేయరు, తనిఖీ పెంచుతారు. ట్యాంకర్లు, బల్క్ క్యారియర్లు (బొగ్గు, ధాన్యం లాంటివి విడిగా పోసి తీసుకెళ్లే ఓడలు), ప్రయాణికుల ఓడల్లాంటివి 12 ఏళ్లు దాటితే విస్తృత తనిఖీ ఉంటుంది. ప్రమాదం ఎక్కువని లెక్కతేలిన ఓడను ఐదారు నెలలకోసారి చూస్తారు. చెడ్డ పేరున్న జెండా కింద తిరుగుతూ పదేపదే నిర్బంధానికి గురైతే, అప్పుడు కొంతకాలం ఆ ప్రాంతపు రేవుల్లోకే రానివ్వరు.

ఇంత పట్టుదల ఎందుకంటారేమో. 1999 డిసెంబర్ 12న ఫ్రాన్స్ తీరం దగ్గర ఎరికా విరిగిపోయింది. 1975లో కట్టిన ట్యాంకర్ అది. మూడేళ్లకు, 2002 నవంబర్‌లో, 26 ఏళ్ల ప్రెస్టీజ్ స్పెయిన్ దగ్గర రెండు ముక్కలైంది. ఎరికా దగ్గర చెల్లుబాటయ్యే సర్టిఫికెట్లు ఉన్నాయి. మీ బ్రోకర్ "కాగితాలు సరిగ్గా ఉంటే చాలు" అంటే నాకు ఒళ్లు మండేది అందుకే. బ్యాలస్ట్ ట్యాంకుల (ఓడ నిలకడ కోసం సముద్రపు నీరు నింపేవి) లోపల ఉప్పునీరు రేకును తినేస్తుంటే అది సర్టిఫికెట్‌లో కనబడదు, రేకు మందం కొలిచిన రిపోర్టులో కనబడుతుంది. అలాగని వయసే దోషి కాదు. 1989లో అలాస్కాలో బండరాళ్లకు గుద్దుకున్న ఎగ్జాన్ వాల్డెజ్‌కు అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు.

మీ ఓడ విషయంలో నాకు 25 అనే అంకె కంటే పెద్ద భయం ఇంకోటుంది. స్పెషల్ సర్వే (క్లాస్ సంస్థ చేసే పూర్తిస్థాయి తనిఖీ) ఐదేళ్లకోసారి వస్తుంది. 25 దగ్గర వచ్చేది ఐదోది, రేకులు మార్చాల్సి వస్తే ఖర్చు చాలా ఎక్కువ. చాలామంది యజమానులు ఓడను స్క్రాప్‌కు అమ్మేసేది ఈ గడువు దగ్గరే. అంటే మీ సరుకు ఎక్కే సమయానికి క్లాస్ సర్టిఫికెట్ గడువు కూడా ముగింపుకు వచ్చి ఉండొచ్చు. "పొడిగింపు తీసుకుంటాం" అంటే ఊరుకోకండి. గరిష్ఠంగా మూడు నెలలు ఇవ్వొచ్చు కానీ, అది సర్వే జరిగే రేవుదాకా ప్రయాణం పూర్తి చేసుకోవడానికి. సర్టిఫికెట్ గడువు తేదీ, చివరి డ్రైడాక్ (ఓడను నీళ్లలోంచి బయటికి తెచ్చి చేసే తనిఖీ, మరమ్మతు) తేదీ, క్లాస్ పెట్టిన షరతుల జాబితా మూడూ అడగండి. స్టీల్ కాయిల్స్ అన్నారు కాబట్టి హ్యాచ్ కవర్లకు (సరుకు గదుల మూతలకు) అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించండి. రబ్బరు సీళ్లు అరిగితే నీళ్లు నేరుగా మీ కాయిల్స్ మీదికే.

సరుకు బీమా చూసే సభ్యురాలు: ఇంకో సంగతి. ప్రభుత్వం అనుమతించినా బీమా కంపెనీ, బ్యాంకు ఒప్పుకోవాలి కదా. సరుకు బీమా పాలసీల్లో ఉండే ఇన్‌స్టిట్యూట్ క్లాసిఫికేషన్ క్లాజ్ ప్రకారం బల్క్ క్యారియర్‌కు 10 ఏళ్లు, మిగతావాటికి 15 ఏళ్లు దాటితే మామూలు రేటు వర్తించదు. క్రమం తప్పకుండా ఒకే మార్గంలో తిరిగే జనరల్ కార్గో ఓడకు 25 దాకా సడలింపు ఉంది. మీ ఓడ ఆ గీత మీదే ఉంది. ఫిక్స్ చేయకముందే అండర్‌రైటర్‌కు (బీమా ఇచ్చేవారికి) చెప్పి, అదనపు ప్రీమియం ఎంతో రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఎల్‌సీలో (బ్యాంకు ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో) ఓడ వయసు షరతు ఉందేమో కూడా చూడండి, కొనుగోలుదారు పెట్టి ఉండొచ్చు.

చార్టర్ పార్టీలో (ఓడ అద్దె ఒప్పందంలో) ఒక వాక్యం చేర్పించండి: వయసు, జెండా, క్లాస్ కారణంగా ఓడకు రేవు అనుమతి దొరక్కపోతే ఆ సమయం, ఖర్చు యజమానివే. దీనికి ఒప్పుకోని యజమానితో ఫిక్స్ చేయవద్దనే నా సలహా.

మరో సభ్యుడు: మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా తమ్ముడికి 28 ఏళ్ల ఓడలో ఉద్యోగం వచ్చింది. ఇలాంటి ఓడను ఏ రేవూ రానివ్వకపోతే వాళ్ల పరిస్థితి ఏమిటి?

ఓడల మీద చీఫ్ ఆఫీసర్‌గా చేసిన సభ్యుడు: ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. యజమాని చేతులెత్తేస్తే సిబ్బంది జీతం లేకుండా లంగరు మీద నెలల తరబడి ఇరుక్కుపోతారు. నావికుల కార్మిక ఒప్పందానికి 2017 జనవరి 18 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, ఇలా వదిలేస్తే నాలుగు నెలల దాకా బకాయి జీతం, తిండి, ఇంటికి చేర్చే ఖర్చు భరించే ఆర్థిక హామీ ఓడకు ఉండాలి. ఆ సర్టిఫికెట్ ఓడ మీద అందరికీ కనిపించేలా అంటించి ఉండాలి. జాయిన్ కాకముందే దాని కాపీ పంపమని మీ తమ్ముడిని అడగమనండి, గడువు తేదీ చూడమనండి. ఈక్వాసిస్‌లో ఆ ఓడ పాత నిర్బంధాలు, పీ అండ్ ఐ క్లబ్ పేరు కూడా చూడండి. క్లబ్ పేరు దగ్గర ఖాళీ ఉంటే, ఆ కాపీ వచ్చేదాకా ఒప్పందం మీద సంతకం పెట్టవద్దని చెప్పండి.

అడిగినవారు: అందరికీ కృతజ్ఞతలు. ఏజెంట్‌కు ఇప్పుడే మెయిల్ పెట్టాను. బ్రోకర్‌ను సర్వే రిపోర్టు అడిగితే "తర్వాత ఇస్తాం" అన్నారు. అది చేతికి వచ్చేదాకా ఫిక్స్ చేయనని చెప్పేశాను. 15 ఏళ్లలోపు ఇంకో ఓడ కూడా చూడమన్నాను.