చిగుళ్ళకి డీప్ క్లీనింగ్: అవసరమా, బిల్లు కోసమా?

కాకినాడ కాజా:
అమ్మకి 62 ఏళ్ళు, చాలాకాలంగా షుగర్. బ్రష్ చేస్తే రక్తం వస్తోందని పంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. గీతలున్న సన్నటి కడ్డీ ఒకటి చిగురు పక్కన దించుతూ "మూడు, మూడు, ఆరు... నాలుగు, ఐదు, ఏడు" అని ఆయన చదువుతుంటే పక్కనున్న అమ్మాయి రాసుకుంది. మామూలు క్లీనింగ్ చాలదట. మత్తు సూది ఇచ్చి చిగుళ్ళ లోపల డీప్ క్లీనింగ్ చేయాలట. నోటిని నాలుగు భాగాలు చేసి రెండు సిటింగుల్లో పూర్తి చేస్తారట. 16 వేలు. లేజర్ కూడా పెడితే ఇంకో 8 వేలు. ఇంటికొచ్చి చెబితే మా మామయ్య "క్లీనింగ్ చేయిస్తే ఉన్న పళ్ళు కూడా ఊడతాయి" అన్నారు. అంతే, అమ్మ ఇప్పుడు గడప దాటనంటోంది. చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.

వేపపుల్ల:
మీ మామయ్య చెప్పింది అక్షరాలా నిజం. మా నాన్న క్లీనింగ్‌కి ముందు జంతికలు కరకరా నమిలేవారు. చేయించిన కొద్ది రోజులకే కింద ముందుపళ్ళు రెండూ ఊగడం మొదలైంది, ఆ తర్వాత ఊడిపోయాయి. పోనీ లాభమెంతో చూద్దామా? అమెరికన్ డెంటల్ అసోసియేషన్ నిపుణులే పరిశోధనలన్నీ కలిపి చూసి 2015లో చెప్పిన లెక్క: సగటున అర మిల్లీమీటరు. అర మిల్లీమీటరుకి 16 వేలు!

సిద్దిపేట సైకిల్:
మా అమ్మమ్మ బతికినన్ని రోజులు వేపపుల్లతోనే తోమింది. ఒక్క పన్ను ఊడలే.

పంటిపని:
నేను గుంటూరులో చిగుళ్ళ డాక్టర్ని. కాజా గారూ, ముందు ఆ అంకెల సంగతి. ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల కొలుస్తాం. 3 మి.మీ. దాకా మామూలే. 4 నుంచి అనుమానించాలి. 6, 7 వచ్చాయంటే అక్కడ చిగురు పంటిని వదిలేసింది, లోపల ఖాళీ ఏర్పడింది. దాన్నే పాకెట్ అంటాం. అంత లోతుకి బ్రష్ దిగదు, ఉప్పునీళ్ళు దిగవు, సైకిల్ గారి అమ్మమ్మ వేపపుల్లా దిగదు. లోపల వేరుకి పట్టిన గార నల్లగా, రాయిలా గట్టిపడి ఉంటుంది. దాన్ని గీకి తీస్తే తప్ప వాపు తగ్గదు. వాపు ఉన్నంతకాలం దవడ ఎముక కరుగుతూనే ఉంటుంది.

ఇక పళ్ళు ఊడటం. ఎముక పోయిన పన్ను క్లీనింగ్‌కి ముందే వదులు. పాతగోడలో ఇటుకల మధ్య గట్టిపడిన మట్టిలా గార ఆ పళ్ళని పట్టి ఉంచుతుంది. అది తీసేసరికి అసలు సంగతి బయటపడుతుంది. పన్నుని వదులు చేసింది జబ్బు, క్లీనింగ్ కాదు.

లేజర్ వద్దనండి. యూరప్ చిగుళ్ళ వైద్యుల సమాఖ్య 2020 మార్గదర్శకాల్లో దాన్ని అదనంగా వాడొద్దనే సూచించారు. ఆ 8 వేలు మిగుల్చుకోండి. అమ్మగారు రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం ముందే చెప్పాలి.

వేపపుల్ల:
ఇంత రాశారు, అర మిల్లీమీటరు గురించి ఒక్క ముక్క లేదు.

పంటిపని:
అది సగటు అండీ. కొద్దిగా లోతున్న పాకెట్లు, బాగా లోతున్నవి అన్నీ కలిపి తీసిన సగటు. అదీ లోతు తగ్గిన లెక్క కాదు, చిగురు మళ్ళీ పంటికి అతుక్కున్న లెక్క. 4 నుంచి 6 మి.మీ. ఉన్నచోట లోతు ఒక మి.మీ. పైచిలుకు తగ్గుతుంది. 7 దాటినచోట 2 దాకా తగ్గుతుంది. 6 ఉన్నది 4 అయిందంటే ఇంట్లో శుభ్రం చేసుకుని నిలబెట్టుకోవచ్చు.

వేపపుల్ల:
లోతు తగ్గడం అంటే? చిగురు మళ్ళీ అతుక్కోవడమా, లేక వాపు తీసి కిందికి జారడమా?

పంటిపని:
రెండూ.

వేపపుల్ల:
అదీ అసలు మాట! చిగురు జారి వేర్లు బయటపడితే దాన్నీ లాభం ఖాతాలో రాసుకుంటున్నారన్నమాట.

మల్లెపందిరి:
నేను పోయినేడు చేయించుకున్నాను. మత్తు సూది తప్ప నొప్పేం తెలియలేదు. తర్వాత కొన్నాళ్ళు చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమనేది. పళ్ళ మధ్య సందులు కనిపిస్తున్నాయి, అద్దంలో చూసుకుంటే బాధే. కానీ పొద్దున లేస్తే దిండు మీద రక్తపు మరక లేదు. సందుల్లో దూర్చే చిన్న బ్రష్ ఇచ్చారు, రోజూ రాత్రి దానితోనే పని.

డాలస్ బాబాయ్:
ఇక్కడ అమెరికాలో ఇదొక పెద్ద దందా. కొత్త ఊరు మారాం, మామూలు క్లీనింగ్‌కి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళాను. కుర్చీలో కూర్చోబెట్టి "నీకు మామూలుది చేయం, నాలుగు భాగాలకీ డీప్ క్లీనింగ్ చేస్తేనే" అన్నారు. బిల్లు మీద డీప్ క్లీనింగ్ కోడ్ డీ4341 నాలుగుసార్లు! మామూలు క్లీనింగ్ డీ1110 అయితే ఇన్సూరెన్సే పెట్టుకునేది. లేచి వచ్చేశాను. ఇంకో డాక్టర్ కొలిస్తే అన్నీ రెండు, మూడు, అక్కడక్కడా నాలుగు. పైగా పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ 2018 రివ్యూ ఒకటి ఉంది, క్లీనింగ్ చేయించుకున్నవాళ్ళకీ చేయించుకోనివాళ్ళకీ రెండు మూడేళ్ళలో చిగుళ్ళలో తేడా దాదాపు లేదన్నారు. ఇప్పుడేమంటారు డాక్టర్ గారూ?

పంటిపని:
బాబాయ్ గారూ, మీ కేసులో మీరు లేచి రావడమే కరెక్ట్. కానీ ఆ రివ్యూ తీవ్రమైన చిగుళ్ళ జబ్బు లేనివాళ్ళకి చేసే మామూలు క్లీనింగ్ గురించి. కాజా గారి అమ్మగారికి 7 మి.మీ. ఉంది. మీ నోరు వేరు, ఆవిడ నోరు వేరు. పైగా షుగర్ ఉంది. 2022 కాక్రేన్ రివ్యూలో, చిగుళ్ళ వైద్యం తర్వాత మూడు నాలుగు నెలలకి హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష అంకె, సగటున 0.43 శాతం పాయింట్లు తగ్గిందని తేలింది.

డాలస్ బాబాయ్:
షుగర్ కూడా తగ్గుతుందా! మోకాళ్ళ నొప్పులకి కూడా పనిచేస్తుందేమో కనుక్కోండి.

రాత్రిబండి:
😂😂

పంటిపని:
నవ్వండి. వేపపుల్ల గారూ, ఒక్కటి అడుగుతాను. మీ నాన్నగారు సిగరెట్ తాగేవారా?

వేపపుల్ల:
చుట్ట. అయితే?

పంటిపని:
పొగ తాగేవాళ్ళకి చిగుళ్ళు సరిగా మానవు. పైగా పొగ వల్ల రక్తం కారడం తక్కువగా కనిపిస్తుంది, జబ్బు ముదిరేదాకా తెలియదు. మీ ఇంట్లో జరిగింది చుట్ట వల్ల అయ్యుండొచ్చు. దాన్ని చూపించి ఇంకొకరి తల్లికి వైద్యం మాన్పించడం పాపం.

వేపపుల్ల:
పాపమా? బాగుంది. మీ వృత్తిలో ఎప్పుడూ ఇదే తంతు. నయమైతే డాక్టర్ హస్తవాసి, నయం కాకపోతే పేషెంటు చుట్ట! ఎక్స్‌రే తీశారుగా? అందులో ఎముక ఎంత మిగిలిందో కనపడుతుందిగా? చుట్ట తాగుతారని ఫైల్లో రాశారుగా? మరి మత్తు సూది పొడిచేముందు "పెద్దాయనా, ఈ రెండు పళ్ళూ నిలబడటం కష్టం" అని ఒక్క మాట అనడానికి ఏమడ్డం వచ్చింది? మా చెల్లి పెళ్ళి ముందు జరిగింది ఇది. పెళ్ళి ఫోటోల్లో ఆయన నోరు తెరిచినది ఒక్కటి కూడా లేదు. ఆ తర్వాత కళ్ళకి కూడా డాక్టర్ దగ్గరికి రానన్నారు, "వీళ్ళు చెప్పేదొకటి చేసేదొకటి" అని. నాకు పళ్ళు పోయినందుకు కాదు మంట.

మోడరేటర్:
పాపపుణ్యాలు వద్దు. విషయం మాట్లాడండి.

పంటిపని:
సరే, విషయమే. ఎందుకు చెప్పలేదంటారా? ఆ డాక్టర్ సంగతి నాకు తెలియదు, నా సంగతి చెబుతాను. నేను చెబుతాను కాబట్టి నా దగ్గర కేసులు నిలబడవు. "ఈ పన్ను దక్కకపోవచ్చు, మిగతావాటిని కాపాడుకుందాం" అనగానే మనిషి ముఖం మారిపోతుంది. "ఇంట్లో అడిగి వస్తానండి" అని వెళతారు. రెండేళ్ళకి వస్తారు, చీముతో, పళ్ళన్నీ ఊగుతూ. అప్పుడు పీకి కట్టుడు పళ్ళు పెట్టడం తప్ప నేను చేసేదేమీ ఉండదు. భయపెట్టకుండా ముందు క్లీనింగ్ మొదలుపెట్టేద్దాం, వాపు తగ్గాక నిదానంగా చెబుదాం అనుకునే డాక్టర్లు ఉన్నారు. వాళ్ళందరూ దొంగలని నేననను.

వేపపుల్ల:
నేనూ అననులెండి. కానీ నోరు మాది. భయపడి వెళ్ళిపోయే హక్కు కూడా మాదే. మా మేలు కోరి మాకు చెప్పకుండా దాచడం నేనొప్పుకోను.

పంటిపని:
ఆ హక్కు వాడుకుని పళ్ళన్నీ పోగొట్టుకున్నవాళ్ళని రోజూ కుర్చీలో చూసేది నేను, మీరు కాదు.

సిద్దిపేట సైకిల్:
ఇద్దరూ చెప్పేది ఖరీదైన మాటలే. అక్కా, నువ్వు మీ అమ్మనే అడుగు.

మల్లెపందిరి:
నాకు ముందే చెప్పారు, సందులు వస్తాయని. చెప్పారు కాబట్టే ఇప్పుడు తిట్టుకోవడం లేదు.

డాలస్ బాబాయ్:
ఒక్కటి మాత్రం కాజా గారూ, ఆ కొలతలు రాసిన చార్ట్ కాపీ అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే ఆ కుర్చీ ఎక్కొద్దు.

కాకినాడ కాజా:
అందరికీ థాంక్స్. ఇవాళ అమ్మని తీసుకుని మళ్ళీ వెళ్ళాను. చార్ట్ అడిగితే వెంటనే ఫోన్‌లో ఫోటో తీసుకోనిచ్చారు. చాలావరకు 4, 5. వెనక దవడపళ్ళ దగ్గర 6, 7. కింద ముందు పన్ను ఒకదానికి 8, అది పట్టుకుంటే కదులుతోంది కూడా. "డీప్ క్లీనింగ్ చేస్తే అది ఊడుతుందా?" అని సూటిగా అడిగాను. ఆయన ఎక్స్‌రే చూపించి, దాని చుట్టూ ఎముక దాదాపు లేదు, చేసినా చేయకపోయినా అది పోయేదే అన్నారు. మిగతావి రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ కొలుస్తారట. అప్పటికీ 6 మిగిలినచోట చిగురు తెరిచి ఫ్లాప్ సర్జరీ చేయాల్సి రావచ్చట. ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి రావాల్సిందే, ఒక్కసారితో అయిపోయేది కాదట. అమ్మ అంతా విని, "ఆ పోయేదేదో ఇవాళే పీకేయండి, మిగతావి శుక్రవారం దాటాక శనివారం చూద్దాం" అంది. లేజర్ వద్దన్నాం.

వేపపుల్ల:
ఆ 8 మి.మీ. పన్ను సంగతి మీరు అడిగాక చెప్పారా, అడక్కముందే చెప్పారా?

కాకినాడ కాజా:
అడిగాకే.

వేపపుల్ల:
చూశారా పంటిపని గారూ.

పంటిపని:
చూశాను. పేషెంటు లేచి వెళ్ళిపోలేదు, అది కూడా చూశాను. శనివారం సిటింగ్ అయ్యాక రెండు రోజులు కారం తగ్గించమనండి, షుగర్ మాత్రలు మానొద్దనండి.