సైపైలో ఒకే సమీకరణానికి రెండు జవాబులు: తప్పు నాదా, డాక్యుమెంటేషన్‌దా?

ప్రశ్న:
ఘర్షణ లేని లోలకం కదలికని సైపైలో (సైన్స్ లెక్కలకి వాడే ఉచిత పైథాన్ లైబ్రరీ) ఓడీఈఇంట్ అనే అవకలన సమీకరణాల ఫంక్షన్‌తో లెక్కిస్తే శక్తి చివరిదాకా నిలకడగానే ఉంది. కొత్త కోడ్‌కి అదే పని చేసే సాల్వ్_ఐవీపీ వాడమని డాక్యుమెంటేషన్‌లోనే రాశారు కదా అని దానికి మారాను, ఇప్పుడు కొన్ని వందల ఊపులయ్యేసరికి శక్తి స్పష్టంగా మారిపోతోంది. టీ_ఇవాల్‌లో, అంటే ఏ క్షణాల్లో జవాబు కావాలో చెప్పే జాబితాలో, పాయింట్లు పదింతలు చేసినా అంతే. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. ఉచిత సాఫ్ట్‌వేర్‌ని నమ్మి థీసిస్ రాయొచ్చా?

జవాబు 1:
నమ్మొచ్చండీ. ఇది బగ్ కాదు, డిఫాల్ట్‌ల తేడా, అంటే మనం ఏమీ ఇవ్వకపోతే ఫంక్షన్ తనే తీసుకునే విలువల తేడా. సాల్వ్_ఐవీపీలో ఆర్‌టాల్ (విలువతో పోల్చి ఎంత తప్పు ఒప్పుకోవచ్చో చెప్పే హద్దు) 0.001, అదే ఓడీఈఇంట్‌లో సుమారు 0.000000015. ఆర్‌టాల్‌ని 1ఈ-9 (పది పవర్ మైనస్ 9), ఏటాల్‌ని (విలువ ఎంతైనా నేరుగా ఒప్పుకునే తప్పు హద్దు) 1ఈ-12 చేసి చూడండి. టీ_ఇవాల్ పెంచితే లెక్క మెరుగవదు, సాల్వర్ తన అడుగులు తను వేసుకుంటూ పోతుంది, మీరడిగిన పాయింట్ల దగ్గర విలువల్ని మధ్యలోంచి అంచనా కట్టి ఇస్తుంది, అంతే.

జవాబు 2:
పై జవాబు సరైనదే, కానీ తప్పంతా అడిగినవారిదే అన్నట్టు వదిలేయకండి. 0.001 అన్న అంకె డాక్యుమెంటేషన్‌లో ఉంది, నిజమే. ఓడీఈఇంట్ నుంచి వచ్చేవాళ్లకి అక్కడ ఏం మారుతుందో ఆ అంకె ఒక్కటే చూస్తే ఎలా తెలుస్తుంది? ఎస్‌టీడీ (ప్రామాణిక విచలనం) సంగతీ ఇంతే: నంపై లైబ్రరీ ఎన్‌తో (డేటాలోని విలువల సంఖ్య) భాగిస్తుంది, పాండాస్ లైబ్రరీ ఎన్ మైనస్ ఒకటితో. రెండు చోట్లా రాసే ఉంది, అయినా శాంపిల్ చిన్నదైతే జవాబులు తేడా వచ్చి జనం తలపట్టుకుంటారు. ఫంక్షన్ ఏం తీసుకుంటుందో రాయడం ఒక పని, దాన్ని ఎప్పుడు నమ్మకూడదో చెప్పడం వేరే పని, ఈ రెండోది చేయడానికే మనుషులు దొరకడం లేదు. కోడ్ రాస్తే పేపర్ వస్తుంది, వివరణ రాస్తే ఏమొస్తుంది? జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ 2016 నుంచి రివ్యూలో డాక్యుమెంటేషన్‌ని కూడా చూస్తోంది, అది నాకు చాలా నచ్చింది.

జవాబు 3:
థీసిస్‌కి ఒక్క మాట. కచ్చితమైన జవాబు తెలిసిన సమస్య ఒకటి, సాదా స్ప్రింగ్ లాంటిది, ముందు నడిపి చూసుకోండి. తర్వాత ఆర్‌టాల్‌ని పదో వంతు చేసి మళ్లీ నడపండి. జవాబు కదిలిందంటే ఇంకా తగ్గించాలి. డబ్బు పెట్టి కొన్న ప్యాకేజీకైనా ఇది తప్పదు, అక్కడైతే చాలాసార్లు లోపలి కోడ్ తెరిచి చూసుకునే వీలు కూడా ఉండదు.

అడిగినవారు:
ఆర్‌టాల్ మార్చాను, శక్తి నిలబడింది! అందరికీ చాలా థాంక్స్. టీ_ఇవాల్ దగ్గర నేను పొరబడిన విషయం చిన్న ఉదాహరణగా రాసి సైపై కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్‌లో పెడదామనుకుంటున్నా. మొదటిసారి పంపుతున్నాను, పంపే ముందు ఎవరైనా ఒకసారి చదివి చెబుతారా?

జవాబు 2:
ఇక్కడ పెట్టండి, ఈ రాత్రికే చూస్తాను.