విండోస్ 7 మళ్లీ వేసినాక మిగిలిపోయిన 442 జీబీ: సి లో కలిపేయాలా, విడి డ్రైవ్ చేసుకోవాలా?

బురుజు_స్టూడియో, కర్నూలు:
అందరికీ నమస్కారం. ఇది ఫోటో స్టూడియో సిస్టమ్. 1 టీబీ హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్. ఇదివరకు విండోస్ 10 ఉండేది. మా ప్రింటర్‌కు విండోస్ 7 32 బిట్ డ్రైవర్ తప్ప వేరేది దొరకలేదు కాబట్టి మళ్లీ 7 వేసినాం. సెటప్‌లో పాత సి ని డిలీట్ కొట్టి, సైజు అడిగిన చోట 200000 ఇచ్చినాం. ఇప్పుడు సి 195 జీబీ, డి 292 జీబీ మాత్రమే కనిపిస్తున్నాయి. డి నిండా కస్టమర్ల పెళ్లి ఆల్బమ్‌లే, దానికి ఏమీ కాకూడదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎడమ నుంచి కుడికి వరుస ఇట్లా ఉంది:

సిస్టమ్ రిజర్వ్‌డ్ 500 ఎంబీ | సి 195.31 జీబీ | నల్ల పట్టీతో అనలొకేటెడ్ (దేనికీ కేటాయించని ఖాళీ) 442.22 జీబీ | పేరు లేని రికవరీ 529 ఎంబీ | డి 292.97 జీబీ

నల్ల పట్టీ మీద రైట్ క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ ఇస్తే, చివర్లో డిస్క్‌ను డైనమిక్‌గా మారుస్తానని హెచ్చరిక వస్తోంది. నో కొట్టి వదిలేసినాం. ఒకరు యెస్ కొట్టు ఏం కాదంటారు, ఇంకొకరు మొత్తం సి లో కలిపేయమంటారు. ఏది సరైంది?

తుంగభద్ర_టెక్, కర్నూలు:
యెస్ మాత్రం కొట్టొద్దన్నా. ఆ హెచ్చరిక ఎందుకు వస్తోందో ముందు చూడండి. మీ డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో పార్టిషన్లుగా, అంటే భాగాలుగా విడిపోయి ఉంది. ఎంబీఆర్ పట్టికలో పార్టిషన్ల కోసం ఉండేవి నాలుగే గడులు. సిస్టమ్ రిజర్వ్‌డ్, సి, రికవరీ, డి. నాలుగూ నిండిపోయినాయి. ఐదోదానికి చోటు లేదు కాబట్టి విండోస్ డైనమిక్ దారి (భాగాల లెక్కను విండోస్ తన సొంత పద్ధతిలో రాసుకునేది) చూపిస్తోంది. ఒకసారి డైనమిక్ అయితే విండోస్ సొంత టూల్స్‌తో మళ్లీ బేసిక్‌కు (ఇప్పుడున్న మామూలు పద్ధతికి) రావాలంటే డిస్క్‌లో ఉన్న అన్ని వాల్యూమ్‌లూ తీసేయాలి, అంటే డి కూడా పోతుంది. జీపార్టెడ్ లాంటి పార్టిషన్ మార్చే టూల్స్ డైనమిక్ డిస్క్ మీద పనిచేయవు. రేపు ఓఎస్ మళ్లీ వేయాల్సి వస్తే సెటప్ కూడా మొండికేయొచ్చు.

నా సలహా సూటిగా: సి మీద రైట్ క్లిక్, ఎక్స్‌టెండ్ వాల్యూమ్, నెక్స్ట్, ఫినిష్. ఖాళీ జాగా సి కి కుడిపక్కన ఆనుకునే ఉంది, కాబట్టి ఆప్షన్ వెలుగుతూనే ఉంటుంది. ఒక్క ఫైల్ కూడా కదలదు, ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైళ్లను అమర్చుకునే పద్ధతి) హద్దు జరుగుతుందంతే. నిమిషం కూడా పట్టదు. డి జోలికి పోయే పనే లేదు.

పెన్నాతీరం, కడప:
డైనమిక్ సంగతి ఒప్పుకుంటా. కానీ సి లో కలపడం సులభమైనంత మాత్రాన సరైంది కాదు. విండోస్ 7 కు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయినాయి. రోజూ కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు పెట్టే స్టూడియో మెషిన్ అది. ఏడాదికో రెండేళ్లకో సి ని ఫార్మాట్ కొట్టే రోజు రానే వస్తుంది. అప్పుడు 637 జీబీ సి లో సగం ఫోటోలు, సగం సిస్టమ్ కలిసిపోయి ఉంటే ఏం చేస్తారు?

రెండోది, వెనక్కి రావడం. పెంచడానికి నిమిషం పడితే, తగ్గించడానికి అంత సులభం కాదు. ష్రింక్ (డ్రైవ్ సైజు తగ్గించే ఆప్షన్) కొట్టినప్పుడు పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడే ఫైల్), రిస్టోర్ పాయింట్లు, ఎంఎఫ్‌టీ (ఫైళ్ల జాబితా) ముక్కలు డ్రైవ్‌లో ఎక్కడ కూర్చున్నాయో అక్కడే ఆగిపోతుంది. 400 జీబీ ఖాళీ ఉన్నా 60 జీబీ మాత్రమే వదలొచ్చు.

మూడోది, సిస్టమ్ ఇమేజ్, అంటే సి మొత్తానికి తీసుకునే నకలు. సి లో ఓఎస్, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉంటే ఇమేజ్ తక్కువ జాగాలో అయిపోతుంది, గంటలోపు తిరిగి ఎక్కించుకోవచ్చు. ఆల్బమ్‌లు కూడా అందులోనే పెడితే ఆ ఇమేజ్ ఎవరూ తీసుకోరు.

అసలు అడ్డు ఆ 529 ఎంబీ. అది విండోస్ 10 పెట్టుకున్న రికవరీ, ఆ ఓఎస్సే పోయింది. అది తీసేస్తే ఒక గడి ఖాళీ అవుతుంది, న్యూ సింపుల్ వాల్యూమ్ మామూలుగా పనిచేస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాని మీద రైట్ క్లిక్ చేస్తే హెల్ప్ తప్ప ఏమీ రాదు, డిస్క్‌పార్ట్ అనే విండోస్ కమాండ్ టూల్‌లో చేయల్ల.

తుంగభద్ర_టెక్:
అక్కడే నాకు భయం. డిస్క్‌పార్ట్ నిజమేనా అని మళ్లీ అడగదు. 3 బదులు 4 కొడితే పోయేది డి. కొత్తవాళ్లకు ఆ పని చెప్పి, రెండు క్లిక్కుల పని వద్దనడం నాకు నచ్చలేదు. ఇంకొకటి, విండోస్ 7 సొంత రికవరీ ఆ పార్టిషన్‌లో కూర్చోలేదని మీరు చూసినారా?

పెన్నాతీరం:
మంచి ప్రశ్న, ఊహతో చేయొద్దు. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇవ్వండి. అక్కడ రీఏజెంట్‌సీ స్లాష్ ఇన్ఫో (reagentc /info) కొట్టండి, విండోస్ రికవరీ ఎక్కడుందో చూపిస్తుంది. వచ్చిన దారిలో పార్టిషన్ నంబర్ ఉంటుంది. అది సి దే అయితే 529 ఎంబీ అనాథే. ఆ నంబర్ రికవరీదే అయితే ఆగిపోండి, నన్ను అడగండి.

ఆ తర్వాత వరుస ఇది. డిస్క్‌పార్ట్. లిస్ట్ డిస్క్. పెన్‌డ్రైవ్‌లు, ఎక్స్‌టర్నల్‌లు అన్నీ ముందే పీకేసి ఉంటే అక్కడ ఒక్క డిస్కే కనిపిస్తుంది, 931 జీబీ అని. 1 టీబీ అంటే అమ్మేవాళ్ల లెక్కలో లక్ష కోట్ల బైట్లు, విండోస్ లెక్కలో 931. అది పోయిన జాగా కాదు. సెలెక్ట్ డిస్క్ 0. లిస్ట్ పార్టిషన్. ఇక్కడ నంబర్ నమ్మొద్దు, సైజు చూడండి, 529 ఎంబీ ఉన్నదే ఎంచుకోండి. తర్వాత డీటెయిల్ పార్టిషన్ కొట్టండి. టైప్ 27 అని రావల్ల. డి అయితే టైప్ 07 వస్తుంది, కింద వాల్యూమ్ వరుసలో డి అక్షరం కూడా కనిపిస్తుంది. 27 చూసినాకే డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్. ఓవర్‌రైడ్ లేకుండా కొడితే ఈ రకం పార్టిషన్‌ను తీయదు.

ఎడమ చివర ఉన్న 500 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్‌ను మాత్రం పొరపాటున కూడా తాకొద్దు. విండోస్‌ను మొదలుపెట్టే బూట్ మేనేజర్ అందులోనే ఉంటుంది.

తుంగభద్ర_టెక్:
టైప్ చూసే మెట్టు పెట్టినారు కాబట్టి కొంత ఒప్పుకుంటా. దానికి ముందు డి బ్యాకప్ తప్పనిసరి అని కూడా రాయండి. 293 జీబీ యూఎస్‌బీ 2.0 లో సెకనుకు 30 ఎంబీ లెక్కన దాదాపు రెండు గంటల ముక్కాలు. విండోస్ 7 లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ విడిగా వేయాలి, వేయకపోతే నీలం పోర్ట్‌లో పెట్టినా డ్రైవ్ కనిపించకపోవచ్చు. వెనకవైపు నల్ల పోర్ట్‌లో పెట్టండి.

ఒకవేళ తప్పు పార్టిషన్ పోతే: ఏమీ క్రియేట్ చేయొద్దు, ఫార్మాట్ చేయొద్దు, సిస్టమ్ ఆపేయండి. డిలీట్‌లో పోయేది పట్టికలో ఆ గడి మాత్రమే, ఫోటోలు డిస్క్ మీద అట్లాగే ఉంటాయి. టెస్ట్‌డిస్క్ అనే టూల్‌తో ఆ గడిని తిరిగి రాయొచ్చు. దాని మీద కొత్తగా ఏదైనా రాస్తేనే కష్టం.

అనంత_హార్డ్‌వేర్, అనంతపురం:
ఇద్దరూ అసలు అవసరం పక్కన పెట్టినారు. ఆయనకు కావాల్సింది ఆల్బమ్‌లకు జాగా. మరి పెంచాల్సింది డి ని కదా? విండోస్ పార్టిషన్‌ను ఎడమకు పెంచలేదు, నిజమే. జీపార్టెడ్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, రికవరీ తీసేసి, డి ఎడమ అంచును పట్టుకొని లాగితే 735 జీబీ ఒకే డ్రైవ్. ఆల్బమ్ సాఫ్ట్‌వేర్‌లో పాత దారులన్నీ డి అనే ఉంటాయి, ఏమీ మార్చాల్సిన పనిలేదు.

పెన్నాతీరం:
అన్నా, ఇది మాత్రం గట్టిగా వద్దంటాను. ఎడమ అంచు జరిగిందంటే పార్టిషన్ మొదలే మారింది. అంటే 293 జీబీ మొత్తం ఒకచోట చదివి అదే డిస్క్‌లో ఇంకోచోట రాయల్ల. చదవడం, రాయడం ఒకే హెడ్ చేస్తుంది కాబట్టి సెకనుకు 40, 45 ఎంబీ వస్తే గొప్ప. దాదాపు రెండు గంటలు, పాత డిస్క్ అయితే నాలుగు. మధ్యలో కరెంట్ పోతే సగం పాతచోట, సగం కొత్తచోట. విండోస్ చెక్‌డిస్క్ టూల్ దాన్ని బాగుచేయలేదు. స్టూడియోలో ఉండే చిన్న యూపీఎస్ పది పదిహేను నిమిషాలు ఆపుతుంది, రెండు గంటలు కాదు. ఎండాకాలం మన సీమలో కరెంట్‌ను నమ్మి రెండు గంటల పని డి మీద పెట్టలేం.

డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్ ఒక్కటున్నా మధ్యలో ఆగుతుంది. ఏ దారి ఎంచుకున్నా ముందు స్మార్ట్ వివరాల్లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి పెట్టుకునే లెక్కల్లో) 05, సీ5 వరుసలు (చెడిన, అనుమానం ఉన్న సెక్టార్ల లెక్క) చూడండి. రా విలువ సున్నా కాకపోతే పార్టిషన్ పని మానేసి కొత్త డిస్క్ కొనండి.

అనంత_హార్డ్‌వేర్:
కరెంట్ మాట ఒప్పుకుంటా, బ్యాకప్ లేకుండా లాగమని చెప్పను. అయితే దారులు మారకుండా ఉండే ఉపాయం ఒకటి ఉంది, అది చెప్పే తీరల్ల. కొత్త వాల్యూమ్ చేసేటప్పుడు డ్రైవ్ అక్షరం అడిగే పేజీలో, ఖాళీ ఎన్‌టీఎఫ్ఎస్ ఫోల్డర్‌లో మౌంట్ చేయమనే రెండో ఆప్షన్ ఉంటుంది. డి లో ముందుగా ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసి దాన్ని చూపించండి. అప్పుడు ఆ 442 జీబీ డి లోపలి ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. ఒక్క బైట్ కూడా కదిలించే పని లేదు. డి లో ఎంత ఖాళీ అని చూస్తే మాత్రం పాత లెక్కే చూపిస్తుంది, ఆ ఫోల్డర్ ఖాళీ విడిగా చూసుకోవల్ల.

పెన్నాతీరం:
ఇది చాలా బాగుంది. నేను విడి డ్రైవ్ అన్నదానికి కూడా సరిపోతుంది.

నల్లమల_7, అనంతపురం:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. పాత ఎక్స్‌పీ సీడీతో 160 జీబీ డిస్క్ మీద వేస్తే సెటప్‌లో 128 జీబీ దగ్గరే చూపిస్తోంది. ఇది కూడా ఇదే సంగతా? అసలు అందరూ జీపీటీ (ఎంబీఆర్ తర్వాత వచ్చిన కొత్త పార్టిషన్ పద్ధతి) చేసుకుంటే ఈ నాలుగు గడుల గొడవే ఉండదు కదా?

తుంగభద్ర_టెక్:
మీది వేరే జబ్బు. 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌పీ సెక్టార్ చిరునామాకు 28 బిట్లే వాడుతుంది. 2 ను 28 సార్లు హెచ్చించి 512తో గుణిస్తే 13,743 కోట్ల బైట్లు, అంటే 128 జీబీ. ఎస్‌పీ1 (సర్వీస్ ప్యాక్ 1) నుంచి 48 బిట్లు. కాబట్టి ఎస్‌పీ3 కలిపి ఉన్న సీడీతో మళ్లీ వేయండి, 149 జీబీ నిండుగా కనిపిస్తుంది. ఎస్‌పీ లేని ఎక్స్‌పీ నడుస్తున్న డిస్క్‌లో, వేరే సిస్టమ్‌లో పెట్టి 128 అవతల పార్టిషన్ చేసి తేవడం మాత్రం వద్దు. హద్దు దాటిన రాత చుట్టుకొని డిస్క్ మొదట్లో పడే ప్రమాదం ఉంది. ఎక్స్‌పీ నడుస్తుండగా సి ని డిస్క్‌పార్ట్‌తో పెంచనీయదు కూడా.

జీపీటీ ఇక్కడ కుదరదు. 32 బిట్ విండోస్ 7 జీపీటీ డిస్క్ నుంచి బూట్ కాదు. 2 టీబీ దాటని డిస్క్‌కు ఎంబీఆర్ చాలు.

స్టూడియో అన్నకు: నా మాట సగం మార్చుకుంటున్నా. మొత్తం సి కి ఇవ్వొద్దు. కానీ ప్రింట్ స్పూల్ (ప్రింటర్‌కు పోయే ముందు నిలిచే ఫైళ్లు), ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ టెంప్ ఫైళ్లు సి మీదే పడతాయి. కొత్త వాల్యూమ్ సి ని ఆనుకొని కూర్చున్నాక సి ని పెంచడం కుదరదు. అందుకే వరుస ముఖ్యం. ముందు సి ఎక్స్‌టెండ్‌లో సైజు పెట్టెలో ఉన్న అంకె కొట్టేసి 51200 ఇవ్వండి, 50 జీబీ పెరుగుతుంది. తర్వాత రికవరీ తీయండి. మిగిలిన 392 జీబీ కొత్త వాల్యూమ్. నిద్రాణ (హైబర్నేషన్) ఫైల్ కూడా కొన్ని జీబీలు తింటోంది, డెస్క్‌టాప్‌లో అవసరం లేదు. అడ్మిన్ సీఎండీలో పవర్‌సీఎఫ్‌జీ డాష్ హెచ్ ఆఫ్ (powercfg -h off) కొడితే పోతుంది.

పెన్నాతీరం:
50 జీబీకి నాకు అభ్యంతరం లేదు. 195 సరిపోతుందనే నా నమ్మకం, అయినా తర్వాత పెంచలేమన్న మాట నిజం.

బురుజు_స్టూడియో:
అందరికీ ధన్యవాదాలు. డి బ్యాకప్ తీసి, చెప్పిన వరుసలోనే చేసినాం. రీఏజెంట్‌సీ దారి సి నే చూపించింది. డీటెయిల్‌లో టైప్ 27 వచ్చినాకే తీసినాం. సి 245.31, కొత్తది 392.7 జీబీ, డి లోపల ఫోల్డర్‌గా మౌంట్ అయింది. డైనమిక్ హెచ్చరిక రాలేదు. కానీ కొత్తదాని చుట్టూ ముదురు ఆకుపచ్చ గీత వచ్చింది, పట్టీ కూడా సి, డి ల మాదిరి ముదురు నీలం కాదు, లేత నీలం. తేడా ఏమన్నా ఉందా?

తుంగభద్ర_టెక్:
తప్పేమీ లేదు. మూడు ప్రైమరీలు (ఒక్కో గడిని నేరుగా వాడే పార్టిషన్లు) ఉన్నప్పుడు నాలుగోదాన్ని విండోస్ ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌గా (లోపల డ్రైవ్‌లు పెట్టుకునే పెట్టెలా) చేసి, అందులో లాజికల్ డ్రైవ్ పెడుతుంది. ఆకుపచ్చ గీత ఆ ఎక్స్‌టెండెడ్ హద్దు, లేత నీలం లాజికల్ డ్రైవ్. ఎప్పుడన్నా ఆ వాల్యూమ్ తీసేస్తే నల్ల పట్టీ రాదు, గీత లోపల లేత ఆకుపచ్చతో ఫ్రీ స్పేస్ అని వస్తుంది. అది సి కి కలవదు. ఆ ఫ్రీ స్పేస్ మీద ఇంకోసారి డిలీట్ కొడితేనే గీత పోయి నల్ల పట్టీ వస్తుంది, అప్పుడు సి ఎక్స్‌టెండ్ వెలుగుతుంది.