వయసు పైబడినవాళ్ళకు మళ్ళీ డ్రైవింగ్ పరీక్ష పెట్టాలా?

చర్చ మొదలు

మా నాన్నగారికి 76 ఏళ్ళు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కారు నడుపుతున్నారు, ఎప్పుడూ ఎవరికీ దెబ్బ తగలనివ్వలేదు. పోయిన నెల ఆయన పక్క సీట్లో కూర్చుని వెళ్తున్నాను. కుడికి తిరగాలి. ఎదురుగా వచ్చే బళ్ళన్నీ పోయేదాకా ఓపిగ్గా ఆగారు, సందు దొరకగానే తిప్పారు. తిరిగే వీధి మొదట్లోనే ఒకావిడ చిన్న పిల్లాడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతోంది. "నాన్నా, ఆగు!" అని నేను అరిచాక గానీ బ్రేకు పడలేదు. ఆవిడ పిల్లాణ్ణి వెనక్కి లాక్కుని, బానెట్ మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది. అంత దగ్గరికి వెళ్ళాం.

ఇంటికొచ్చాక నాన్న అన్నారు: "ఆవిడ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీలేదమ్మా." ఆవిడ ఎక్కణ్ణుంచీ ఊడిపడలేదు. మేం మలుపు దగ్గర ఆగి ఉన్నప్పుడే ఫుట్‌పాత్ దిగింది. నేను చూశాను.

ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. అందుకే అడుగుతున్నాను: 70 దాటినవాళ్ళకు లైసెన్సు పొడిగించే ముందు రోడ్డు మీద మళ్ళీ పరీక్ష ఎందుకు పెట్టకూడదు? భారతదేశంలో 55 దాటినవాళ్ళు ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. గడువులోపు వెళ్ళి డాక్టరు సర్టిఫికెట్ పెడితే చాలు, బండి నడిపి చూపించమని అడగరు. బ్రిటన్‌లో 70 నుంచి మూడేళ్ళకోసారి. అక్కడైతే ఆరోగ్యం బాగుందని, చూపు సరిపోతుందని మనమే రాసిస్తే సరి. మా నాన్నని అడిగినా నిజాయితీగా అలాగే రాస్తారు. తన చూపు ఎక్కడ తప్పుతోందో ఆయనకు తెలిస్తే కదా!

జవాబు 1

మీ భయం నాకు అర్థమైందమ్మా. ఆ పిల్లాడి సంగతి చదివితే నాకూ గుండె జారింది. కానీ ఒక్క మలుపు చూసి 70 దాటిన అందరినీ వరసలో నిలబెట్టడం అన్యాయం. నాకు 73. నా భార్యకు వారానికి మూడుసార్లు డయాలసిస్. పొద్దున్నే తీసుకెళ్ళేది నేను, మళ్ళీ తీసుకొచ్చేది నేను. పరీక్ష రోజున టెన్షన్ పడి రెండు తప్పులు చేశాననుకోండి, మర్నాటి నుంచి ఆవిణ్ణి ఎవరు తీసుకెళ్తారు?

నడిపిన దూరాన్ని బట్టి లెక్కేస్తే ఎక్కువ ప్రమాదాలు చేసేది ఇరవై నిండని కుర్రాళ్ళు. బాగా పెద్దవయసులో మా లెక్క మళ్ళీ పెరిగే మాట నిజమే, కాదనను. అయితే మా వయసువాళ్ళ చావులు అంత ఎక్కువ కనబడటానికి ఒక పెద్ద కారణం మా ఒంటి బలహీనత. కుర్రాడు దులుపుకుని లేచే దెబ్బకు మేం ఆసుపత్రి పాలవుతాం, ఒక్కోసారి తిరిగి రాం.

పరీక్ష పెడితే ప్రమాదాలు తగ్గుతాయన్నది కూడా అనుకున్నంత తేలిక కాదు. డెన్మార్క్‌లో 2006లో 70 దాటినవాళ్ళ రెన్యువల్‌కు జ్ఞాపకశక్తిని, ఆలోచనను చూసే పరీక్ష తెచ్చారు. ముందూ తర్వాతా లెక్కలు పోల్చిన పరిశోధకులకు వృద్ధ డ్రైవర్ల ప్రాణాంతక ప్రమాదాలు తగ్గినట్టు కనబడలేదు. నడిచీ సైకిలు తొక్కీ వెళ్ళే వృద్ధుల చావులు మాత్రం పెరిగాయి. తాళాలు లాక్కున్నంత మాత్రాన మనిషి ఇంట్లో కూర్చోడు కదా. కాలినడకన రోడ్డెక్కుతాడు, అక్కడ వాడి చుట్టూ కారు రేకు కూడా ఉండదు.

జవాబు 2

పెద్దాయనా, మీ ఇంటి పరిస్థితి చదివి బాధేసింది. అయినా రోడ్డు మీద ఉన్న ఎదుటివాళ్ళ సంగతి కూడా చూడాలి. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ళ డ్రైవరు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కారు. సైకిలు మీద వెళ్తున్న తల్లి, మూడేళ్ళ కూతురు చనిపోయారు. తప్పు కారుదేనని ఆయన వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు, 2021లో ఐదేళ్ళ శిక్ష వేసింది. నన్ను కదిలించింది అదే. కాలు ఏ పెడల్ మీద ఉందో అంత ఘోరం జరిగాక కూడా ఆయనకు తెలియలేదు.

జపాన్‌లో ఇప్పుడు 75 దాటినవాళ్ళకు జ్ఞాపకశక్తి పరీక్ష ఉంది. గత మూడేళ్ళలో కొన్ని రకాల ట్రాఫిక్ తప్పులు చేసి ఉంటే, 2022 నుంచి బండి నడిపి కూడా చూపించాలి. అందరికీ కాదు, తప్పు చేసినవాళ్ళకే. ఇందులో అన్యాయం ఏముంది?

జవాబు 3

ఇరవై ఏళ్ళకు పైగా డ్రైవింగ్ నేర్పుతున్నాను. పిల్లలు "మా నాన్న ఎలా నడుపుతున్నారో ఒకసారి చూడండి సార్" అని తీసుకొస్తే పెద్దవాళ్ళ పక్కన కూడా కూర్చున్నాను. కాబట్టి మొదట ఆ మలుపు గురించి చెప్తాను.

మీ నాన్నగారి కళ్ళు చార్టు మీద చివరి వరస కూడా చదివేయచ్చమ్మా. అక్కడ తప్పింది ఆ చూపు కాకపోవచ్చు. ఎదురొచ్చే బళ్ళ వేగం అంచనా వేయడం, స్టీరింగ్ తిప్పడం, తిరిగే వీధిలోకి చూడటం, ఈ మూడూ మూడు సెకన్లలో జరగాలి. వయసు మీద పడ్డాక ఒకదాని మీద మనసు పెడితే రెండోది జారిపోతుంది. పెద్దవాళ్ళ ప్రమాదాలు ఎక్కువగా కూడళ్ళలో, ఇలా ఎదురు వరసను దాటి తిరిగే చోట జరగడం అందుకే. వేగంగా వెళ్ళి గుద్దేవాళ్ళు వీళ్ళల్లో తక్కువ. దీనికి తోడు మెడ. నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన అద్దం చూసేవారు, భుజం మీదుగా మాత్రం తిరిగేవారు కాదు. అడిగితే, "మెడ పట్టేసి ఏడాదైంది, అలవాటైపోయింది" అన్నారు. ఏ సర్టిఫికెట్‌లోనూ ఆ మెడ కనబడదు.

రాత్రి సంగతి వేరే. శుక్లాలు మొదలైతే ఎదురు హెడ్‌లైట్ల వెలుగు కంట్లో పువ్వులా విచ్చుకుంటుంది. నీటికాసులు ఇంకా మోసకారి జబ్బు. పక్కచూపు కొంచెం కొంచెంగా పోతుంటే మెదడు ఆ ఖాళీని పూడ్చేసి చూపిస్తుంది, మనిషికి లోటే తెలియదు. నిద్రమాత్రలు, మత్తు తెచ్చే కొన్ని జలుబు మందులు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇక పరీక్ష అంటారా, పావుగంటలో పాస్ లేదా ఫెయిల్ చెప్పేసే పరీక్షను నేను నమ్మను. రెంటికీ మధ్య మెట్లు ఉండాలి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 75 నుంచి ఏటా డాక్టరు చూడాలి. 85 నుంచి రెండేళ్ళకోసారి బండి నడిపి చూపించాలి. అది వద్దనుకుంటే, ఇంటి చుట్టుపక్కల కొంత దూరం వరకే నడిపే లైసెన్సు తీసుకోవచ్చు. నాకు నచ్చింది ఆ చివరిదే. డయాలసిస్‌కు తీసుకెళ్ళే పెద్దాయనకు తెలిసిన దారిలో, పగటిపూట నడిపే లైసెన్సు ఉంటే ఆ ఇల్లు ఆగిపోదు. పూర్తిగా ఇవ్వడం, పూర్తిగా పీకేయడం తప్ప ఇంకో దారి లేదనుకోబట్టే ఇళ్ళల్లో ఇన్ని గొడవలు.

జవాబు 1 రాసినవారి మాట

అయ్యా, ఇలా చెప్తే నేనూ ఒప్పుకుంటాను. మొన్న వానలో రాత్రి తిరిగొస్తూ గీతలు కనబడక రోడ్డు పక్కన పావుగంట ఆపేశాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే తాళాలు అడుగుతారని భయం. రాత్రి ఒక్కటే మానేస్తే పగలు నాకు ఉంటుందని ఎవరైనా కాగితం మీద రాసిస్తే, నేనే ముందుకొచ్చి ఆ మాట చెప్పేవాణ్ణి. నా పట్టు ఒకటే. తప్పు చూపించిన తర్వాత దిద్దుకోవడానికి నాలుగు క్లాసులు ఇవ్వండి, మళ్ళీ చూడండి. అప్పుడూ కుదరకపోతే ఆపండి.

చర్చ మొదలుపెట్టిన నేను

బాబాయిగారూ, మీరు ఆ వానరాత్రి సంగతి చెప్పినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను. మా నాన్న కూడా ఇలాంటివి ఎన్ని దాచారో అని ఇప్పుడు అనిపిస్తోంది. నేను అడిగిన తీరు కూడా అలాంటిదే. తాళాలు ఇచ్చేయమని మొదలుపెడితే ఎవరు మాత్రం నిజం చెప్తారు!

70 అన్న అంకె మీద నా పట్టు వదిలేస్తున్నాను. కానీ పరీక్షే వద్దన్న మాటకు మాత్రం ఒప్పుకోను. 80 దాటినవాళ్ళకూ, ఏ వయసులోనైనా ప్రమాదం చేసినవాళ్ళకూ, డాక్టరుకు అనుమానం వచ్చినవాళ్ళకూ రోడ్డు మీద చూడాల్సిందే. ఆ బానెట్ మీద ఆనిన చెయ్యి నాకు ఇంకా కనబడుతోంది.

నిన్న రాత్రి నాన్నకు ఇవన్నీ చదివి వినిపించాను. మెడ పట్టేసిన పెద్దాయన దగ్గరికి వచ్చేసరికి తన మెడ అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు, ఏమీ అనలేదు. పొద్దున కాఫీ తాగుతూ, "ఆ నేర్పేవాళ్ళు ఎవరైనా ఆదివారం దొరుకుతారేమో కనుక్కో" అన్నారు. కారు తాళాలు ఎప్పటిలాగే ఆయన జేబులోనే ఉన్నాయి. నేను అడగలేదు.