ముసురుకు ఇంట్లనే ఇరుక్కున్నం, వేడివేడిగ ఏం చెయ్యాలె?

మొన్నటి సంది ముసురు వదుల్తలేదు, వాగు రోడ్డు మీదికెల్లి పోతుంది, నల్గొండ పోయి కూరగాయలు తెచ్చే దారి లేదు. బియ్యప్పిండి, పల్లీలు, పప్పులు, ఉల్లిగడ్డలు ఉన్నయి. అత్తమ్మకు గట్టియి నమలొస్తలేదు, పిల్లలేమో కరకరలాడేది కావాలంటున్నరు, ఏం చెయ్యాల్నో చెప్పుండ్రి.

సూర్యాపేట చెల్లె:
అక్కా, తపాల చెక్క చెయ్యి. రెండు గ్లాసుల పిండికి నానిన శెనగపప్పు పిడికెడు, దంచిన పల్లీలు, నువ్వులు, సన్నగ తరిగిన ఉల్లిగడ్డ, కారం, ఉప్పు, కరివేపాకు వేసి నీళ్లు కొన్ని కొన్ని పోస్కుంట కలుపు. మందం గిన్నెకు నూనె రాసి లోపల పల్చగ వత్తు, వేలుతోని బొక్కలు పెట్టి అండ్ల నూనె చుక్కలెయ్యి, మూతపెట్టి సన్న మంట మీద పదినిమిషాలు ఉంచు. అంచు ఎర్రగై గిన్నెను వదిలేస్తది, ఆ వాసనకే పిల్లలు పొయ్యికాడికొస్తరు.

దేవరకొండ వదిన:
రెండో చెక్క వత్తే ముందు గిన్నె సల్లారాలె, బోర్లేసి మీదికెల్లి నీళ్లు పొయ్యి, లేకుంటే చెయ్యి కాల్తది. రెండు గిన్నెలుంటే నయం.

పాలమూరు తమ్ముడు:
అత్తమ్మకు పెసరపప్పు కిచిడి మెత్తగ వండు అక్కా, పక్కన పచ్చిపులుసు. పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి పులుసుల పిసుకు, రుచే వేరు.

అడిగినామె:
శెనగపప్పు నానబోసిన, కిచిడి కుక్కర్ల పెట్టిన. సల్లగుండుండ్రి అందరు.